ఒదుగు పరీక్ష

పోయిన వారం భానుశ్రీని బేగం బీ పిండి దుకాణం గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే ఉంది. చేతిలో స్టీలు బకెట్టు, పక్కన అత్తగారు పద్మావతమ్మ, ఎదురుగా మూసిన తలుపు. ఇంక లోపలికి పోనిద్దాం.

ఈ వారమే కథలోకి వచ్చి కూర్చున్న వాళ్ల కోసం రెండు ముక్కలు. హనుమాన్ జంక్షన్ నుంచి లోపలికి పోతే నందిపర్రు. అక్కడ ఎకరం వాళ్లు, రెండెకరాల వాళ్లు, కౌలు వాళ్లు కొందరు కూడబలుక్కుని, మందులేవీ కొట్టకుండా వరి వెనక మినుము పండించారు. పండిందాన్ని ఎప్పటిలా కళ్లంలోనే దళారికి పోసేయకుండా ఊళ్లో చిన్న మర పెట్టి తెల్లటి మినపగుళ్లు తీశారు. ఆలోచన ఆ ఊరి కోడలు భానుశ్రీది. తిట్లూ ఆమెకే.

ఆ పొలాలన్నిటికీ నట్టనడుమ, కాస్త మెరకన, సంజీవరావు గారి పొలం చెక్క ఉంది. ఆయన బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్లో ఉంటాడు, చేను బసవయ్యకి కౌలుకిచ్చాడు. ఇప్పుడు దాన్ని చేపల చెరువుకి అడుగుతున్నారు. మెరకన చెరువు పడితే ఏడాది పొడుగునా నీళ్లు నిలిచి, చుట్టుపక్కల చేలన్నీ ఊట పట్టిపోతాయి. మినుము మాట దేవుడెరుగు, వరి కోసుకోవడానికి కూడా నేల ఆరదు. అందరూ కాళ్లావేళ్లా పడితే సంజీవరావు ఒక మెలిక పెట్టాడు. "మీ పప్పు ఏడాదంతా కొనే మనిషిని నా కళ్లకి చూపించండి. చెరువు వాళ్లని రావొద్దంటాను."

ఆ మనిషి కోసమే ఈ గుమ్మం. బేగం బీ రుబ్బిన పిండి పొద్దున్నే పటమట నుంచి ఆటోనగర్ దాకా ఇడ్లీ బళ్లన్నిటికీ వెళుతుంది. ఆవిడ సరేనంటే నందిపర్రు నిలిచినట్టే. నిన్న సాయంత్రమే వీళ్ల పప్పు కొంత తీసుకుని రాత్రి నానబోయించింది. రుబ్బి చూస్తేగానీ మాట ఇవ్వనంది.

తలుపు తెరుచుకుంది.

"ఆ బకెట్లో ఏంటమ్మా?" అంది బేగం బీ. పొడుగాటి మనిషి, మోచేతుల దాకా మడిచిన జాకెట్టు చేతులు, నుదుటి మీద పిండి మరక.

"మజ్జిగండీ. పొద్దున్నే బయల్దేరాం కదా, మా అత్తయ్య ఊరుకోలేదు."

"పరీక్షకొచ్చి టీచరుకి మజ్జిగా?" అని బేగం బీ నవ్వి, బకెట్టు మాత్రం అందుకుంది. "రండి. మీ ఆసామీ గారు ముందే వచ్చి కూర్చున్నారు."

సంజీవరావు నిజంగానే మూలన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. భానుశ్రీని చూసి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఫోను మోకాలి మీద బోర్లా పెట్టుకున్నాడు. అది గుర్రుమంటే చూడకుండానే నొక్కేశాడు.

రెండు గ్రైండర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఎడమ దాంట్లో బజారు పప్పు, కుడి దాంట్లో నందిపర్రు పప్పు. ఒకే తూకం, ఒకే నీళ్లు. ఇక తేలాల్సింది ఒదుగు. రుబ్బుతున్న కొద్దీ పిండి ఎంత పొంగి పెరుగుతుందో దాన్నే ఒదుగంటారు. ఇడ్లీ అమ్మేవాడి బతుకంతా అందులో ఉంది. ఒదిగే పప్పుకి అదే బియ్యంతో ఇంకో పళ్లెం ఇడ్లీలు వస్తాయి, ఒదగని పప్పుకి రాళ్లొస్తాయి.

"బిస్మిల్లా" అని బేగం బీ రెండు స్విచ్చులూ ఒకేసారి నొక్కింది.

పద్మావతమ్మ కళ్లు మూసుకుని కనకదుర్గమ్మని తలుచుకుంది. ఆ గదిలో దేవుళ్లకి కూడా పొద్దున్నే చేతినిండా పనే.

కాసేపు రెండూ ఒకేలా తిరిగాయి. తరవాత ఎడమ గ్రైండరులో పిండి తెల్లబడి, మెల్లగా రాళ్ల నడుము దాకా ఎక్కింది. బేగం బీ చెయ్యి తడిపి అంచులు తోసింది. ఇంకొంచెం ఎక్కింది. కుడి గ్రైండరు వైపు అందరూ ఒక్కసారే చూశారు.

అక్కడ పిండి లేవలేదు. అడుగునే పడుకుని, జిగురుగా, దిగాలుగా రాళ్ల చుట్టూ తిరుగుతోంది. బేగం బీ చిటికెడు తీసి నీళ్ల గిన్నెలో వేసింది. తేలాల్సిన పిండి సూటిగా అడుక్కి పోయింది.

"మునిగిపోయింది" అంది బేగం బీ. గొంతులో ఎగతాళి లేదు, అదే భానుశ్రీకి ఎక్కువ గుచ్చుకుంది. "చూడు బేటీ, నువ్వు చెప్పిన కథంతా నాకు నచ్చింది. మందుల్లేవు, పాలిష్ లేదు, అంతా బాగుంది. కానీ మా ఇడ్లీ బళ్ల వాళ్లు కథ తినరు కదా."

సంజీవరావు లేచి నిలబడ్డాడు. ఎందుకో ఆయన మొహంలో బరువు దిగినట్టయింది. "పోనీలే అమ్మా. ప్రయత్నం చేశావు. మన చేతిలో ఏముంది. నేను వస్తాను మరి."

భానుశ్రీకి ఓడిపోవడం కొత్త కాదు, రైతు ఇంటి కోడలికి అది అలవాటే. కానీ ఇది అబద్ధపు ఓటమి. మర నుంచి తెచ్చిన రోజే ఈ పప్పుతో ఇంట్లో ఇడ్లీ వేస్తే పాత్ర మూత లేచిపోయింది. మొగుడు సాయిగణేష్ లెక్క లేకుండా తిన్నాడు. అదే చేను, అదే మర, అదే పప్పు. మరి ఇక్కడ ఎందుకు చచ్చినట్టు పడుకుంది?

గ్రైండరులో వేలు పెట్టి పిండి తీసి రెండు వేళ్ల మధ్య రుద్దింది. జారింది. మళ్లీ రుద్దింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. తరవాత చాలా నెమ్మదిగా అత్తగారి వైపు తిరిగింది.

"అత్తయ్యా."

"ఏమ్మా?"

"ఈ గుళ్లకి ఆముదం పట్టించారా?"

పద్మావతమ్మ మొహం వెలిగిపోయింది. ఎవరో ఒకరు తన పని గుర్తించినందుకు. "పట్టించకుండా పంపిస్తానుటే? ఊరి పరువు కదా! టౌనులో గోతంలో పురుగు కనబడితే మొహం ఎక్కడ పెట్టుకుంటాం? ఎప్పుడూ ఇంట్లోకి పట్టించేదానికన్నా నాలుగు చుక్కలు ఎక్కువే వేసి, నా చేత్తో ఎండలో కూర్చుని పట్టించా. చూడు, ఒక్క పురుగన్నా ఉందేమో!"

బేగం బీ నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది.

పద్మావతమ్మని తిట్టడానికి లేదు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన ఏ ఇల్లాలైనా ఆ పనే చేస్తుంది. కందులైనా మినుములైనా ఏడాది నిలవ ఉండాలంటే ఆముదం రాసి ఎండబెట్టాల్సిందే. అయితే ఆవిడ జన్మలో ఎప్పుడూ పొట్టుతో ఉన్న మినుములకే రాసింది. వాడుకునేటప్పుడు పొట్టుతో పాటే ఆముదమూ పోయేది. ఇన్ని తెల్లటి గుళ్లు ఒక్కచోట చూడటం ఆవిడకి ఇదే మొదలు. ఇటు బేగం బీ పనివాళ్లకి పాలిష్ పట్టిన బజారు పప్పే అలవాటు, రుద్ది కడిగే పని లేదు, నీళ్లు పోసి నానేస్తారు. రెండు మంచి అలవాట్లు కలిసి ఒక పప్పుని ముంచాయి.

"నూనె ఉంటే నురగ పట్టదండీ" అంది భానుశ్రీ గబగబా. "పప్పు తప్పు కాదు. ఇంకోసారి రుబ్బండి. గోతంలో ఇంకా ఉంది కదా!"

"ఇప్పుడా? నానడానికే నాలుగు గంటలు."

"బజారు పప్పుకండీ. అది ఏ గోడౌన్లో ఎన్నాళ్లున్నదో ఎవరికి తెలుసు? మాది మొన్ననే కళ్లం దాటిన పప్పు. గోరువెచ్చటి నీళ్లలో గంట చాలు."

బేగం బీ నవ్వు ఆపి ఆమె వైపు చూసింది. "గంటలో నానకపోతే?"

"నేనే గుమ్మం దిగిపోతానండీ. మళ్లీ ఎక్కను."

"నాకు పనుంది..." అని సంజీవరావు నసిగాడు.

"కూర్చోవయ్యా సంజీవరావూ!" అని పద్మావతమ్మ గద్దించింది. అప్పటికే ఆవిడ చీర కుచ్చెళ్లు ఎగదోపుకుంది. తన వల్ల ఏం జరిగిందో అర్థమై ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయి, కానీ చేతులు మాత్రం ఆగలేదు. "మీ అమ్మ చేతి మజ్జిగ తాగి పెరిగినవాడివి, నా చేతి మజ్జిగ ఒక గ్లాసు తాగు. బేగమమ్మా, కాసిని వేణ్నీళ్లూ, దోసెడు బియ్యప్పిండీ ఇప్పించు తల్లీ."

ఆ తరవాత జరిగింది చూడాల్సిందే. గుళ్ల మీద బియ్యప్పిండి చల్లి, వేణ్నీళ్లు చిలకరించి, రెండు చేతులతో రుద్ది రుద్ది, పండగ పూట పిల్లలకి తలంటు పోసినట్టు పోసింది ఆ పప్పుకి. జిడ్డు తేరిన నీళ్లు వంచేసింది. మళ్లీ పిండి, మళ్లీ వేణ్నీళ్లు. "నేను చేసిన పాపం నేనే కడుక్కోవాలి" అని గొణుక్కుంటోంది. పనివాళ్లిద్దరూ పళ్లెం పట్టుకుని ఆవిడ చెప్పినట్టల్లా ఆడారు.

పప్పు నానుతోంది. ఆ గంటసేపు భానుశ్రీ కూర్చోలేకపోయింది. సంజీవరావు కుర్చీ ముందుకొచ్చి నిలబడింది.

"మీరింత తొందరపడుతున్నారేంటండీ? మాట ఇచ్చిందే మీరు కదా."

"మాటదేముందమ్మా. నా సంగతి కూడా చూడు." ఆయన చెమట తుడుచుకున్నాడు. "మా నాన్నగారి రోజుల్లో ఆ చెక్క ఇల్లంతటినీ పోషించింది. ఇప్పుడో? తుఫానొస్తే బసవయ్య మొహం వేలాడేసుకుని వస్తాడు, రేటు పడిపోతే మళ్లీ వస్తాడు. నేనేమన్నా రాక్షసుణ్నా, పొమ్మనలేను. చెరువు వాడైతే ముందే కట్టేసి పోతాడు. ఇక్కడ కూర్చుని ఆకాశం వంక చూడక్కర్లేదు నేను."

"మీ బాధ అబద్ధమని నేననడం లేదండీ. వరొక్కటే నమ్ముకుంటే అంతే. ఎరువు కొట్లో కొనాలి, మందు కొట్లో కొనాలి, పండింది మాత్రం ఎవడో చెప్పిన రేటుకి పోసెయ్యాలి. ఈ ఏడు మేం ఎరువుల కొట్టు గుమ్మం తొక్కలేదు. వరి కోతకి ముందే చేలో మినుములు చల్లాం. మిషను పెడితే మొలకలు నలిగిపోతాయని కొడవళ్లతో కోశాం. దుక్కి లేదు, తడి లేదు, నేలలో ఉన్న పదునుకీ పైన కురిసిన మంచుకీ పెరిగింది. దాని ఆకు రాలి రేపు వరికి బలం. పెట్టుబడి తగ్గితే తుఫానొచ్చినా నడుం విరగదు కదండీ. మాకిన్నాళ్లూ రానిదల్లా అమ్ముకోవడం. అది నేర్చుకోడానికే ఇక్కడికొచ్చాం."

సంజీవరావు మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాడు.

"చెరువు తవ్వితే మీ ఒక్క చెక్కే పోదండీ. దాని చుట్టూ ఉన్నవాళ్లందరం పోతాం. తరవాత చేపలు గిట్టక వాడు వదిలేసి పోయాక, ఆ గొయ్యి మళ్లీ చేను కావడానికి ఎన్ని తరాలు కావాలి?"

ఫోను మళ్లీ గుర్రుమంది. ఆయన మళ్లీ నొక్కేశాడు. ఈసారి భానుశ్రీ అది గమనించింది, కానీ అడిగేలోపే బేగం బీ పిలిచింది.

"రండి రండి. గుళ్లు నానాయి." ఒక పప్పు గింజని గోటితో నొక్కి చూపించింది. వెన్నలా దిగబడింది. "నిజమే, కొత్త పప్పే. పిండి కొద్దీ రొట్టె అంటారుగా, ఇప్పుడు చూద్దాం."

ఈసారి కడిగిన కుడి గ్రైండరు ఒక్కటే, అదే తూకం పప్పుతో తిరిగింది. ఎడమ దాంట్లో బజారు పిండి ఎంత ఎత్తు ఎక్కిందో అంతే ఎత్తున దీంట్లో బేగం బీ పిండి వేలితో గీత గీసి ఉంచింది. దాన్ని దాటాలి. పనివాళ్లు కూడా రుబ్బిన పిండి డబ్బాలు వదిలేసి వచ్చి నిలబడ్డారు.

మొదట గరగరమని చప్పుడు. తరవాత చప్పుడు మెత్తబడింది. బేగం బీ నీళ్లు చిలకరించింది. పిండి తెల్లబడలేదు, పాలమీగడ రంగులోనే ఉంది, కానీ కదిలింది. అంచుల్లోంచి లేచి రాళ్ల మీదికి పాకింది.

"లేస్తోంది!" అంది పద్మావతమ్మ.

"ఉండండమ్మా, దిష్టి పెట్టకండి" అని బేగం బీ ఇంకో చారెడు నీళ్లు చల్లింది. పిండి ఇంకా లేచింది. రాళ్ల నడుం దాటింది. గీత దగ్గరికొచ్చింది. సంజీవరావు తనకి తెలియకుండానే కుర్చీలోంచి లేచి వచ్చి తొంగిచూశాడు.

గీత దాటింది!

దాటి ఆగలేదు. పైకి, ఇంకా పైకి, బుడగలు బుడగలుగా పొంగుతూ అంచుకి వచ్చేసింది. "అరె, ఆపండి, ఆపండి! కింద పోతోంది!" అని బేగం బీ చేతులు అడ్డం పెట్టింది. పనివాళ్లలో ఒకరు స్విచ్చుకి పరిగెత్తారు, ఇంకొకరు గిన్నె తెచ్చి పట్టారు. ఒక ముద్ద ఎగిరి సంజీవరావు కళ్లజోడు మీద పడింది. బేగం బీ చిటికెడు పిండి తీసి నీళ్లలో వేసింది. అది మునగలేదు సరిగదా, దూదిపింజలా తేలుతూ గిన్నె అంచుకి కొట్టుకుంది.

పద్మావతమ్మ బోరుమని ఏడ్చేసింది. భానుశ్రీ అత్తగారిని కావిలించుకుని, నవ్వుతూ తనూ ఏడ్చింది. సంతోషం వస్తే ఏడవక ఏం చేస్తారు? ఇన్నాళ్లూ దిగమింగిందంతా అప్పుడే బయటికొచ్చింది.

"పప్పు నాకు కావాలి" అంది బేగం బీ. చెయ్యి కడుక్కోకుండానే. "కానీ బేటీ, ఒక్క మాట. మీకు పంట ఏడాదికొకసారి. నాకు పిండి రోజూ కావాలి. మందు బిళ్లలు పెట్టకుండా, పురుగు పట్టకుండా, శ్రావణమాసంలో కూడా ఇదే ఒదుగు ఇవ్వగలరా? ఒక్క వారం తప్పినా నా బళ్ల వాళ్లు వేరే దుకాణానికి పోతారు."

భానుశ్రీ నోరు తెరిచేలోపే పద్మావతమ్మ కళ్లు తుడుచుకుని ముందుకొచ్చింది.

"ఇవ్వకేం? మినుముల్ని మినుముల్లాగానే దాస్తాం. పొట్టు తియ్యం. ఆముదం రాసి ఎండబెడతాం. నీకెప్పుడు కావాలంటే అప్పుడు మరపట్టించి పంపుతాం. పొట్టుతోనే ఆముదం పోతుంది." అని కోడలి వైపు తిరిగి, "నా ఆముదం పనికిమాలిందనుకున్నారు కదా అందరూ!"

బేగం బీ ఈసారి నవ్వలేదు. "మా నానమ్మ బందరులో ఇట్లాగే రాసేది" అంది నెమ్మదిగా. "నేనే మర్చిపోయాను." తడి చెయ్యి చాపింది. పద్మావతమ్మ ఆ చేతిలో తన చెయ్యి వేసింది. బేరం కుదిరింది.

"చూశారుగా!" భానుశ్రీ సంజీవరావు వైపు తిరిగింది. మొహమంతా వెలుగు. "ఏడాదంతా కొనే మనిషిని మీ కళ్లకి చూపించాం. ఇప్పుడు చెరువు వాళ్లకి ఫోన్ చేసి రావొద్దనండి."

సంజీవరావు కళ్లజోడు తీసి పిండి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు.

ఈసారి మోగింది భానుశ్రీ ఫోను. తెర మీద బసవయ్య పేరు. చేతులనిండా పిండి ఉందని స్పీకరు నొక్కింది. "బాబాయ్! గెలిచాం! ఒదుగు చూడాలి నువ్వు..."

"అమ్మాయ్!" అవతల ఇంజను రొద. దాని మీంచి అరుస్తున్నాడు ముసలాయన. "నా చేలోకి పొక్లెయిన్ వచ్చిందే! గట్టు తవ్వడానికి దిగారు! ఇదేంట్రా అంటే సంజీవరావు గారు నిన్ననే సంతకం పెట్టారంటున్నారు! అబద్ధమని చెప్పు వీళ్లకి!"

గదిలో అందరి చూపులూ ఒకే మనిషి మీదికి పోయాయి.

"నిన్ననే పెట్టాను" అన్నాడు సంజీవరావు, కళ్లజోడు లేని కళ్లతో నేల చూస్తూ. "మీరు గెలుస్తారనుకోలేదమ్మా. ఇవాళ ఓడిపోతే నా తప్పేమీ ఉండదనుకున్నాను. పొద్దుటినుంచీ ఫోన్ చేస్తున్నది వాళ్లే."

భానుశ్రీకి ముందు కోపం కూడా రాలేదు. తరవాత వచ్చింది, ఒళ్లంతా. "సంతకం మీది. చేనూ మీదే. ఆపడం మీ ఒక్కరి చేతిలోనే ఉంది. కారు తియ్యండి."

"వాళ్లు వినరమ్మా..."

"తియ్యండన్నానా!"

ఆయన తాళాల కోసం జేబులు తడుముకున్నాడు. బేగం బీ మేకుకి తగిలించిన బురఖా తీసి వేసుకుంటోంది.

"మీరెక్కడికండీ?" అన్నాడు సంజీవరావు కంగారుగా. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు?"

"ఆ పప్పు ఇందాకే నాదైంది" అంది బేగం బీ. "నా పప్పు పండే నేల ఎవడు తవ్వుతాడో నేనూ చూస్తా. పదండి!"

అప్పుడే ఫోనులో బసవయ్య గొంతు మళ్లీ వినబడింది. ఈసారి అది వింతగా, ఎక్కడో ఎత్తు నుంచి వస్తున్నట్టుంది.

"అమ్మాయ్! భయపడకు! గట్టు తవ్వకుండా నేను మిషను బకెట్లో ఎక్కి కూర్చున్నా! ఇప్పుడు ఎట్లా తవ్వుతాడో చూస్తా..." ఇంజను ఒక్కసారి గర్జించింది. "ఒరేయ్... ఒరేయ్ దించరా! అమ్మాయ్, వీడు నన్ను పైకి లేపుతున్నాడే!"